హనుమకొండలో పాత క్యాసెట్ల దుకాణం: అరిగిన రీలు చెప్పే లెక్క

కాజీపేట రైల్వేలో పనిచేసి విరమణ పొందిన మా నాన్నగారి 14 క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి గత నెలలో హనుమకొండ చౌరస్తా దగ్గరి సందులో ఉన్న ఒక చిన్న దుకాణంలో ఇచ్చాను. క్యాసెట్‌కు 120 రూపాయల చొప్పున తీసుకున్నారు. నాలుగు రోజులన్నది ఆరు రోజులు పట్టింది గానీ, పని శ్రద్ధగా జరిగింది. ఘంటసాల క్యాసెట్‌లో రీలు నలిగి చిక్కుకుపోతే, స్క్రూలు విప్పి రీలును మరో డబ్బాలోకి మార్చి, దాన్ని టేప్‌రికార్డర్‌లో పాటను చదివే హెడ్డుకు ఒత్తి పట్టే చిన్న మెత్తటి ముక్క ఊడిపోయి ఉండగా కొత్తది అతికించి, హెడ్డును స్పిరిట్ దూదితో తుడిచాకే పాట ఎక్కించారు. నా కాలేజీ రోజుల హిట్ పాటల క్యాసెట్ మాత్రం నిన్న కొన్నట్టే ఉంది. మా ఇంట్లో ఎవరిని ఎక్కువగా విన్నామో ఆ రెండు రీళ్లే తేల్చేశాయి.

"కొత్త పాటలు ఎక్కించుకున్నోళ్లు రెండు నెలలకే తీసేయమని వస్తరు సార్. ఘంటసాల గీత తీసేయమన్నోళ్లు ఇప్పటిదాంక ఒక్కరు గూడ రాలే" అన్నారు దుకాణదారు. నాకూ అదే నిజమనిపించింది. గొంతు ఎంత మధురమైనదైనా ఇంట్లో ఒక సందర్భంతో ముడిపడకపోతే తరం దాటదు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆ తర్వాత విడుదలైన ఆయన భగవద్గీతను మా వైపు చావు జరిగిన ఇంట మైకులో వేస్తారు కాబట్టి, ఆయన పాడిన సినిమా ఒక్కటీ చూడని పిల్లవాడు కూడా ఆ గొంతును గుర్తుపడతాడు. ఎం.ఎస్.రామారావు సినిమా పాటలు అడిగేవారు ఇప్పుడు అరుదు, అదే ఆయన సుందరకాండ కోసం పెద్దవాళ్లు వెతుక్కుంటూ వస్తారట. వి.రామకృష్ణ సంగతి తలచుకుంటే బాధగా ఉంటుంది. 1970లలో అక్కినేనికి, శోభన్‌బాబుకు అంత చక్కగా పాడినా, ఆ తరహా గొంతు కావాలనుకున్నవారు నేరుగా ఘంటసాల దగ్గరికే వెళ్లిపోతున్నారు. బాలసుబ్రహ్మణ్యానిది వేరే దారి. టీవీలో 'పాడుతా తీయగా' ద్వారా ఆయన పిల్లల చేత పాడించారు. విన్న పాటకన్నా నేర్చుకున్న పాట ఎక్కువ కాలం ఉంటుంది. బతుకమ్మకు డీజే పాటలు ఏటా మారుతున్నా, ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ పాడే ఉయ్యాల పాటలు మారలేదు, వాటికి గాయకుడి పేరే లేదు.

లోపాలు లేకపోలేదు. రెండు పాటల పల్లవి మొదట్లోనే తెగిపోయింది. ఫైళ్లకు పాట పేరు పెట్టకుండా 'సైడ్ ఎ', 'సైడ్ బి' అని మాత్రమే రాశారు. చెప్పగానే మళ్లీ చేసి ఇచ్చారు, అదనంగా ఏమీ తీసుకోలేదు. ఇవ్వదలచినవారు క్యాసెట్‌లోని పాటల వరుసను కాగితం మీద రాసి ఇవ్వడం మంచిది, తీసుకునేటప్పుడు ప్రతి పాట ఎత్తుగడనూ అక్కడే విని చూసుకోవాలి.