ఫ్లెమింగోల సరస్సా, చేపల ఊటా: ముందు దేన్ని కాపాడాలి?

ఆండీస్ పర్వతాల ఎడారి ఉప్పు మైదానాలు అనగానే అందరూ చూపించే ఫొటో ఒకటే: ఎర్రటి నీళ్లు, వాటిలో గులాబీ ఫ్లెమింగోలు. అది బొలీవియాలోని లగూనా కొలొరాడా. అక్కడికి వాయవ్యంగా, చిలీలోని అస్కొటాన్ ఉప్పు మైదానం అంచున చిన్న చిన్న ఊటలు ఉన్నాయి. వాటి ఫొటో ఎవరూ పంచుకోరు. ఈ రెండింటిలో ముందుగా దేన్ని కాపాడాలని అడిగితే నేను ఊటలనే అంటాను.

కొలొరాడా గొప్పతనం కాదనలేం. సుమారు 4,280 మీటర్ల ఎత్తులో, లోతు పెద్దగా లేని ఉప్పు సరస్సు అది. ఆ ఉప్పుకు తట్టుకునే జాతులు కొన్నే, కానీ తట్టుకున్నవి విపరీతంగా పెరుగుతాయి. నీళ్లకు ఆ ఎరుపు ముఖ్యంగా సూక్ష్మమైన నాచు వల్లే. డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచును ముక్కుతో వడగట్టి తినే జేమ్స్ ఫ్లెమింగో అంతరించిపోయిందనే అనుకున్నారు, 1950ల్లో మళ్లీ కనిపించింది. చూడ్డానికి వెళ్లేవాళ్లకైతే కొలొరాడాయే మేలు, అందులో సందేహం లేదు.

అస్కొటాన్ సంగతి వేరు. కొండల మీద పడిన వాన, మంచు నేలలోకి ఇంకి, దాదాపు 3,700 మీటర్ల ఎత్తున ఈ మైదానం అంచున ఊటలుగా పైకి వస్తాయి. ఆ నీళ్లలో ఉప్పు తక్కువ. మైదానంలోకి పారేకొద్దీ ఎండకు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. ఊటకూ ఆ చిక్కటి ఉప్పుకూ మధ్య ఉన్న కాస్త చోటులోనే ఒరెస్టియాస్ అస్కొటానెన్సిస్ అనే చిన్న చేప బతుకుతుంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పైగా వేర్వేరు ఊటల్లోని చేపల మధ్య జన్యుపరమైన తేడాలున్నాయని పరిశోధకులు తేల్చారు. అంటే ఒక ఊట ఎండితే పక్క ఊట చేపలు ఆ లోటు పూర్తిగా తీర్చలేవు.

నా తీర్పుకు అసలు కారణం ఇదే. నీళ్లు తగ్గితే ఫ్లెమింగో ఇంకో సరస్సుకు ఎగిరిపోగలదు. 2022లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, బ్యాటరీల్లో వాడే లిథియం కోసం నేల కింది ఉప్పునీళ్లు తోడుతున్న చిలీలోని అటకామా ఉప్పు మైదానంలో 11 ఏళ్లలో రెండు జాతుల ఫ్లెమింగోలు 10 శాతానికి అటూఇటూగా తగ్గాయి. చుట్టుపక్కల మైదానాలన్నీ కలిపి చూస్తే మాత్రం అలాంటి తగ్గుదల కనిపించలేదు. దీన్ని చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఫ్లెమింగో ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, వెళ్లడానికి ఇంకో సరస్సు ఎప్పుడూ ఉంటుందన్న హామీ లేదు. 2024 జనవరిలో మన ప్రభుత్వ రంగ సంస్థ కాబిల్ కూడా అర్జెంటీనాలోని కాటమార్కాలో లిథియం బ్లాకుల కోసం ఒప్పందం చేసుకుంది, కాబట్టి ఇది మనకు సంబంధం లేని గొడవ కాదు.

చేపకు ఆ కాస్త వెసులుబాటు కూడా లేదు. అస్కొటాన్ కింది నీళ్లను రాగి గని కోసం తోడుతున్నారు. ఊట ఎండితే ఏమవుతుందో చిలీలోనే కలామా పట్టణం దగ్గర ఇప్పటికే చూశాం. అక్కడి లోవా నీటి కప్ప ఆవాసం 2019లో ఎండిపోయి, 14 కప్పలు మాత్రమే ప్రాణాలతో దొరికాయి. వాటిని శాంటియాగో జూకు తరలించారు. మరుసటి ఏడాది అక్కడ పిల్లలు పుట్టాయి. కానీ జూలో పెంచిన కప్పలను వదలాలన్నా ముందు నీళ్లుండాలి కదా.

అందుకే ప్రతి ఊటలో నీటిమట్టాన్ని విడివిడిగా కొలవాలి. మైదానం మొత్తానికి ఒకే సగటు తీస్తే ఎండుతున్న ఊట అందులో కనబడదు. ఒక్క ఊటలో మట్టం హద్దు దాటి పడినా, చేపలు చావడం మొదలుకాకముందే దానికి నీళ్లందించే వైపు పంపులు ఆపాలి.