ప్స్యూడోస్‌కి తెలుగులో ఏ మాట మేలు: అబద్ధమా, అసత్యమా, దొంగా?

యోహాను 8:44లో అపవాది, అంటే సాతాను గురించి "వాడు అబద్ధికుడును అబద్ధమునకు జనకుడునై యున్నాడు" అని చదువుతాం. రోమీయులకు 1:25కి వస్తే "దేవుని సత్యమును అసత్యమునకు మార్చి" అని ఉంటుంది. 2 కొరింథీయులకు 11:13లో "దొంగ అపొస్తలులు" అని కనిపిస్తుంది (అపొస్తలులంటే క్రీస్తు పంపినవాళ్లు). ఈ మూడూ మన ఇళ్లలో ఉండే పాత తెలుగు బైబిల్‌లోని మాటలే. కొత్త నిబంధన మొదట రాసిన గ్రీకులో మాత్రం మూడు చోట్లా ఒకే మాట ఉంది: ప్స్యూడోస్. మొదటి రెండు చోట్ల అది విడిగా నిలబడింది, మూడో చోట సమాసంలో ముందు భాగమైంది. మనం రోజూ వినే "స్యూడో" కూడా దాని నుంచి వచ్చిందే.

నేను సండే స్కూల్లో పాఠం చెబుతాను. అబద్ధం అంటే ఏంటని అడిగితే పిల్లలు "హోంవర్క్ చేయకుండా చేశాననడం" అంటారు. వాళ్లు చెప్పింది తప్పు కాదు. కానీ ఆ ఒక్క అర్థంతో రోమీయులకు 1:25 చదివితే ఏమీ బోధపడదు. అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. సృష్టికర్తను వదిలి సృష్టమును పూజించడం గురించి ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు చెబుతున్నాడు. అందుకే ఏ మాట వాడాలన్నది నాకు పండితుల గొడవలా అనిపించదు.

ముందు అసత్యం సంగతి చూద్దాం. సత్ అంటే ఉన్నది. ఆ లెక్కన అసత్యం అంటే వాస్తవం కానిది. దానికి నోరు అక్కర్లేదు, ఒక వస్తువు కూడా అసత్యం కావచ్చు. పాత అనువాదకులు రోమీయులకు 1:25లో ఈ మాట ఎంచుకోవడానికి కారణం ఇదే అయి ఉంటుందనుకుంటాను. గ్రీకు వాడుక కూడా ఇందుకు కలిసొస్తుంది. అరిస్టాటిల్ తన మెటాఫిజిక్స్ ఐదో భాగంలో ప్స్యూడోస్‌ని మూడు రకాలుగా చూస్తాడు. వస్తువు ప్స్యూడోస్ కావచ్చు, మాట కావచ్చు, మనిషీ కావచ్చు. కావాలని చెప్పిందే కానక్కర్లేదు, పొరపాటున తప్పిందైనా గ్రీకువాళ్లకు ప్స్యూడోసే.

అయినా అసత్యం నాకు పూర్తిగా తృప్తినివ్వదు. మొదటి కారణం, ఆ మాటలో దోషి కనిపించడు. తప్పిన లెక్క జవాబు కూడా అసత్యమే. కొత్త నిబంధనలో ప్స్యూడోస్ వెనక దాదాపు ఎప్పుడూ మోసగించాలనే బుద్ధి ఉంటుంది. 2 థెస్సలొనీకయులకు 2లో దాన్ని నమ్మేలా "మోసముచేయు శక్తి" పనిచేస్తోంది. యోహాను 8లో దానికి ఒక తండ్రే ఉన్నాడు. "అసత్యానికి జనకుడు" అని చదివి చూడండి, దెబ్బ తగలదు.

రెండో కారణం మాటల నిర్మాణంలో ఉంది. గ్రీకులో సత్యాన్ని అలేతేయ అంటారు. అందులో మొదటి "అ" లేమిని చెప్పే అక్షరం. దాగి ఉండకపోవడం అని ఆ మాట పుట్టుక. ప్స్యూడోస్ మాత్రం దేనికీ ముందు "అ" తగిలించి చేసింది కాదు, తన కాళ్ల మీద తాను నిలబడ్డ మాట. అసత్యం దీన్ని తలకిందులు చేస్తుంది. సత్యం మొదట ఉంటే, అది లేనిచోట మిగిలేది అసత్యం అన్నట్టు వినిపిస్తుంది.

అబద్ధంలోనూ "అ" ఉంది కదా అనవచ్చు. ఉంది. సంస్కృతంలో అది కట్టులేనిది, పొంతన లేనిది. కానీ నిజం అనే అర్థంలో "బద్ధం" అన్న తెలుగువాళ్లు ఎవరున్నారు? మన చెవికి అబద్ధం విడదీయరాని ఒకే మాట. అందుకే ప్స్యూడోస్‌కి దగ్గరగా ఉంటుంది.

"దొంగ" గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దొంగ నోటు, దొంగ ఓటు, దొంగ సాక్ష్యం అనే మనకు దొంగ అపొస్తలుడు వెంటనే అర్థమవుతాడు. గలతీయులకు 2:4లోని "కపట సహోదరులు" కన్నా "దొంగ సహోదరులు" అని ఉంటే ఇంకా సూటిగా ఉండేది. కానీ ఈ మాట మరో పేరు ముందు నిలిచినప్పుడే పనికొస్తుంది. విడిగా తీసుకుంటే దొంగతనమైపోతుంది.

ఇక మిగిలింది అబద్ధం. దాని బలహీనత పిల్లలు చెప్పిందే, అది నోటికి కట్టుబడిపోయింది. ఎఫెసీయులకు 4:25లో ఇది బాగా తెలుస్తుంది. తెలుగులో "అబద్ధమాడుట మాని" అని ఉంది. గ్రీకులో "ఆడుట" లేదు. ప్స్యూడోస్‌ని తీసి పక్కన పెట్టి, అని ఉంది. క్రీస్తు కోసం మొదట ప్రాణం ఇచ్చిన స్తెఫనును రాళ్లతో కొట్టేటప్పుడు సాక్షులు తమ వస్త్రాలు సౌలు పాదాల దగ్గర పెట్టారు కదా, అక్కడా ఇదే క్రియ. ఆ సౌలే పౌలయ్యాడు. ఎఫెసీయులకు 4:22లో ప్రాచీనస్వభావాన్ని వదులుకోమన్నా, 24లో నవీనస్వభావాన్ని ధరించుకోమన్నా అదే బట్టల పోలిక. అంటే అబద్ధాన్ని నాలుక మీద నుంచే కాదు, ఒంటి మీద నుంచి విప్పేయాలి. "అబద్ధమాడుట మాని" అనేసరికి ఇదంతా జారిపోయింది.

అదే అనువాదం ప్రకటన 22:15లో ధైర్యం చేసింది. "అబద్ధమును ప్రేమించి జరిగించు ప్రతివాడును" అంది. అబద్ధాన్ని జరిగించడం తెలుగులో ఎవరూ అనని మాట, అయినా గ్రీకులో ఉన్నది అదే. చదివేవాడు ఒక్క క్షణం ఆగుతాడు. ఆగి ఆలోచిస్తే, నోరు మెదపకుండా కూడా అబద్ధం బతకవచ్చని తెలుస్తుంది.

అందుకే నా ఓటు అబద్ధానికే, రోమీయులకు 1:25లో కూడా. వస్తువుకి ఆ మాట అతకదనే అభ్యంతరానికి జవాబు ఆ పాత తెలుగు బైబిల్‌లోనే ఉంది. యెషయా 44లో ఒకడు చెట్టు నరికి, సగం కట్టెలతో రొట్టె కాల్చుకుని, మిగిలిన మొద్దును దేవుడిగా చేసుకుంటాడు. 20వ వచనంలో ప్రవక్త అంటాడు, "నా కుడిచేతిలో అబద్ధమున్నది గదా" అనుకునే బుద్ధి వాడికి లేదని. హీబ్రూ నుంచి గ్రీకులోకి తెచ్చిన పాత నిబంధనలో అక్కడ ఉన్న మాట ప్స్యూడోసే. ఈ వచనం చదివి వినిపించినప్పుడు మా పిల్లలు తమ అరచేతుల్లోకి చూసుకున్నారు.