హవర్తియా ట్రంకేటా: ఆకులు చూసి కొన్నా, వేళ్ళు చూసి ముచ్చటపడ్డా

హవర్తియా ట్రంకేటా అనే ఈ చిన్న కుండీ మొక్క గురించి ఎవరు రాసినా ఆకుల గురించే రాస్తారు. నేను కొన్నదీ వాటిని చూసే. బ్లేడుతో తెగ్గోసినట్టు పైన చదునుగా ఉంటాయి, రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడతాయి. కానీ ఇన్నాళ్ళు పెంచాక నన్ను కట్టిపడేసింది మాత్రం వేళ్ళే.

విజయవాడ మొఘల్రాజపురంలో కొండ పక్క ఫ్లాటు మాది. ఎండాకాలం ఆ రాళ్ళు పగలంతా కాగి, రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతుంటాయి. రెండో వేసవిలో మొక్క చిక్కిపోతున్నట్టు అనిపించింది. మట్టిపైన అంగుళం ఎత్తున ఉండేది కాస్తా ఆకుల తలలు మాత్రమే మిగిలి, మట్టికి సమంగా అయిపోయింది. "ఏమ్మా, డబ్బు పోసి కొన్నావు, ఆవిరైపోయిందే!" అన్నారు అత్తయ్య. నాకూ టెన్షన్ పట్టుకుంది. కుళ్ళిందో, పిండినల్లి పట్టిందో తేల్చుకుందామని కుండీ బోర్లించాను.

కుళ్ళు వాసనే లేదు. తెల్లటి లావుపాటి వేళ్ళు, గట్టిగా ఉన్నాయి. వేళ్ళ మొదళ్ళ దగ్గర మాత్రం అడ్డంగా ముడతలు. గుట్టంతా అక్కడే ఉంది. ఆ వేళ్ళు కుంచించుకుపోతూ మొక్కను కిందికి గుంజుతాయి. దీని సొంత ఊరు దక్షిణాఫ్రికాలోని లిటిల్ కరూ. వాన తక్కువ, ఎండ ఎక్కువ. అక్కడ ఒళ్ళంతా మట్టిలో దాచుకుని తలలు మాత్రం బయట పెట్టి బతుకుతుంది. ఆ చదును తలల్లోంచి లోపలికి దిగే వెలుతురుతోనే మట్టిలో ఉన్న ఆకు ఆహారం తయారుచేసుకుంటుంది. మా బాల్కనీలోనూ అదే పని చేసిందన్నమాట! ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేశాను. అక్టోబరు దాటాక మధ్యలోంచి కొత్త ఆకు లేచింది.

ఇక ఆకుల అందం సంగతి. కొన్న కొత్తల్లో కనిపించినవాళ్ళందరికీ చెప్పాను గానీ, ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. మా బోరు నీళ్ళు తలల మీద పడితే తెల్ల మచ్చలు కడతాయి, తుడిచినా ఓ పట్టాన పోవు. రోడ్డు దుమ్ము సరేసరి. పెయింటు బ్రష్షుతో దులిపి, నీళ్ళు కుండీ అంచునే పోస్తున్నాను. ఏడాదికి రెండు మూడు ఆకులు వేస్తే గొప్ప. ఈ జాతి గాలి పీల్చేది రాత్రిపూట. మే నెలలో మన రాత్రుళ్ళు చల్లబడవు కాబట్టి ఎదుగుదల పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు నీళ్ళు దాదాపు మానేస్తాను. నన్ను భయపెట్టేది ఎండ కాదు, జులై ముసురు. మట్టి ఆరదు. అందుకే కుండీలో సగానికి పైగా ప్యూమిస్ అనే తేలికపాటి అగ్నిపర్వత రాయి, ఇటుక ముక్కలే.

కొనమంటారా అంటే, మాది తూర్పు బాల్కనీ, పది దాటితే నీడ. పడమటి ఎండ నేరుగా కొట్టే ఫ్లాటువాళ్ళకు నేను భరోసా ఇవ్వలేను. గుంటూరులో ఉండే మా ఆడపడుచు ఒక పిలక ఇమ్మంటోంది. వాళ్ళకు కుండీ పెట్టే చోటు డాబా మీద రేకుల కిందే. చలికాలం రానీ వదినా అని వాయిదా వేస్తున్నాను. అయినా పిలక ఇంకా పుట్టలేదు.