ఆరేళ్లుగా ఓపెన్‌ఎస్‌టీవీతో ఓట్ల లెక్కింపు: నా అనుభవం

మా పూర్వ విద్యార్థుల సంఘం కార్యవర్గాన్ని ప్రాధాన్య ఓట్లతో ఎన్నుకుంటాం. అంటే ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇస్తారు. గెలవడానికి కావాల్సిన ఓట్లు కోటా. అంతకు మించి వచ్చినవి మిగులు. ఆ మిగులు తర్వాతి ప్రాధాన్యం ఉన్నవాళ్లకు వెళ్లేటప్పుడు ఒక్కో ఓటుకు లెక్కగట్టే భాగమే బదిలీ విలువ. లెక్కింపు నా బాధ్యత. మొదట్లో మాలో ఒకరు తయారుచేసిన ఎక్సెల్ షీట్ వాడేవాళ్లం. ఒకసారి ఓడిపోయిన అభ్యర్థి ప్రింటవుట్ పట్టుకొచ్చి, "33 ఓట్లను బదిలీ విలువ 0.21తో గుణిస్తే 6.93 కదండీ, ఇక్కడ 7 ఎందుకుంది?" అని అడిగారు. షీటు లోపల 0.212121 అంటూ సాగే సంఖ్య ఉంది. కాగితం మీద రెండు దశాంశాలే పడ్డాయి. లెక్క సరైనదే, కానీ ఆయన నమ్మలేదు. ఆ రాత్రంతా టెన్షనే.

ఇది చిన్న విషయం కాదు. 1992లో జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్ర ఎన్నికల్లో గ్రీన్స్ పార్టీకి వచ్చింది 4.97 శాతం. కంప్యూటర్ దాన్ని 5.0గా చూపించింది. సీట్లు దక్కాలంటే కనీసం 5 శాతం రావాలి. తప్పు బయటపడ్డాక సీట్ల లెక్క మారి, సోషల్ డెమోక్రాట్ల పార్టీ ఎస్‌పీడీకి ఒక్క సీటు మెజారిటీ వచ్చింది.

ఆ షీటు బదులు తెచ్చుకున్న ఓపెన్‌ఎస్‌టీవీ, ప్రాధాన్య ఓట్లు లెక్కించడానికి పైథాన్ భాషలో రాసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్. తర్వాత ఆన్‌లైన్‌లో ఓపావోట్ అనే లెక్కింపు సేవ వచ్చినా, కోడ్ తెరిచి చూసుకోవచ్చని మేం పాతదే ఉంచుకున్నాం. స్కాట్లాండ్‌లో 2007 నుంచి స్థానిక ఎన్నికలకు వాడుతున్న పద్ధతి ఇందులో ఉంది. బదిలీ విలువను ఐదో దశాంశం దగ్గర కత్తిరించాలి, పైకి సవరించకూడదు. రౌండు రౌండుకూ లెక్క కనిపిస్తుంది. నాకు బాగా నచ్చింది అదే.

అయితే పద్ధతి ఎంచుకోవడంలోనే అసలు కష్టం. ప్రోగ్రామ్‌లోని పద్ధతుల పేర్లు చూసి కొత్తవాళ్లు తేల్చుకోలేరు. 100 ఓట్లు, 3 సీట్లు అనుకోండి. ఒకరికి 33, మరొకరికి 18. ఆ 33 మంది రెండో ప్రాధాన్యం కూడా 18 ఓట్లున్న ఆయనకే. స్కాట్లాండ్ లెక్కలో కోటా 26, మిగులు 7, బదిలీ విలువ 0.21212. ఆయనకు 24.99996 వస్తాయి, కోటా అందదు. మన రాజ్యసభ పద్ధతిలో ఒక్కో ఓటు విలువ 100, కోటా 2501. మిగులు 799ని 33తో భాగించి భిన్నం వదిలేస్తే ఒక్కో ఓటుకు 24. 1800కి 792 కలిపితే 2592. ఆయన ఆ రౌండులోనే గెలిచేశారు!

అందుకే ఏ పద్ధతో, ఎన్ని దశాంశాలో మా నియమావళిలోనే రాయించాను. ఎన్నికకు ముందురోజు ఈ 100 ఓట్ల ఫైలునే అభ్యర్థుల ఎదుట నడిపి, పక్కనే కాగితం మీద చేసి చూపిస్తాను. తెర మీదా కాగితం మీదా 0.21212 వచ్చాకే మర్నాడు అసలు ఓట్ల ఫైలు తెరుస్తాం.