మందార టీలో మందార ఉండదు: నెలల తరబడి తాగి చూసిన ఫ్లేవర్డ్, హెర్బల్ టీలు

ఈ రకం టీల మీద సమీక్షలు చాలావరకు ప్యాకెట్ విప్పిన రోజే రాసేస్తారు. ఆ రోజు ఏ టీ అయినా బాగానే ఉంటుంది. మూత తియ్యగానే గుప్పుమనే వాసనకే సగం మార్కులు పడిపోతాయి. మూడో నెలలో, డబ్బా సగానికి దిగాక ఎలా ఉందో చూడాలి. ఇక్కడ చెప్పేవన్నీ కనీసం 100 గ్రాములు అడుగంటా అయ్యేదాకా తాగి చూసినవి. కొలత అన్నిటికీ ఒకటే: 200 మి.లీ. నీళ్లకు 2 గ్రాములు. పాలు, చక్కెర లేవు. కప్పు మీద మూత తప్పనిసరి. చెంచా లెక్క మాత్రం నమ్మకండి. చెంచాడు సీమ చామంతి పూలు ఒక గ్రాము తూగడమే గొప్ప, అదే చెంచాడు సన్న టీ పొడి మూడు గ్రాములకు దగ్గర పడుతుంది. "ఈ టీ చప్పగా ఉంది", "ఆ టీ మరీ చేదు" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది. పదో వంతు గ్రాము చూపించే చిన్న తూకం ఒకటి ఉంటే చాలు.

వృత్తిగా టీ రుచి చూసేవాళ్ల పద్ధతి ఇంకా మొరటు. ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణంలో 100 మి.లీ.కు 2 గ్రాముల ఆకు, మరిగే నీళ్లు, 6 నిమిషాలు. అలా దిగిన డికాషన్ హాయిగా తాగడానికి పనికిరాదు, ఆకులో లోపం ఉంటే బయటికి లాగడానికి పనికొస్తుంది. కొత్త ఫ్లేవర్డ్ టీ తెచ్చినప్పుడు ఒక్కసారి ఇలా చేసి చూడండి. పై వాసన కింద ఎలాంటి ఆకు పెట్టారో తేలిపోతుంది. పాత ఆకైతే అట్టపెట్టె వాసన వస్తుంది, నాసిరకమైతే వగరు చిగుళ్లను పట్టేస్తుంది. చెంచాతో తీసుకుని చప్పుడయ్యేలా జుర్రుకోవాలి. ద్రవం గాలితో కలిసి నోటి వెనక నుంచి ముక్కుకు ఎక్కితేనే వాసన పూర్తిగా తెలుస్తుంది.

ఇక పేర్ల గొడవ. హైబిస్కస్ టీ అన్నదాన్ని తెలుగులో మందార టీ అని అమ్మేస్తున్నారు. పెరట్లో పూసే మందార వేరు. ఎక్కువ ప్యాకెట్లలో ఉండేది హైబిస్కస్ సబ్దరిఫా, అంటే ఎర్ర గోంగూర జాతి మొక్క. వాడేది పువ్వు రేకులు కూడా కాదు, పూత రాలాక కాయ చుట్టూ కండపట్టి ఎర్రబడే రక్షక పత్రాలు. గోంగూర అని తెలిశాక ఆ పులుపు ఎక్కడిదో ఎవరూ అడగరు. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3 దరిదాపుల్లో ఉంటుంది. పళ్లు జివ్వుమనేవాళ్లు రోజంతా కొంచెం కొంచెంగా చప్పరించకుండా ఒక్కసారి తాగేసి నోరు పుక్కిలించుకోవడం మేలు. పాలు పోస్తే విరిగిపోతాయి. అల్యూమినియం గిన్నెలో మరిగించకూడదు, పులుపుకు లోహం కరుగుతుంది. రక్తపోటును కాస్త తగ్గించే గుణం ఉంది కాబట్టి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు రోజూ మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి. రుచి సంగతికొస్తే, నానేది 5 నిమిషాలు దాటితే పులుపు తప్ప ఏమీ మిగలదు. 4 నిమిషాల దగ్గర తీసి, చల్లార్చి తాగితే మాత్రం దీనికి సాటి లేదు. మళ్లీ కొంటాను, అయితే విడిగానే కొంటాను.

విడిగా అని ఎందుకన్నానంటే, పళ్ల టీల పేరుతో వచ్చే వాటిలో చాలా వాటికి అడుగు సరుకు ఇదే. స్ట్రాబెర్రీ, పీచ్, బ్లూబెర్రీ అని రాసి ఉన్న ప్యాకెట్‌ను ఒక తెల్ల పళ్లెంలో కుమ్మరించి వేలితో విడదీయండి. మెరూన్ రంగు ఎండు ముక్కలు గోంగూరవి. లేత గోధుమ రంగులో మెత్తగా ఉన్న చతురస్రాలు ఎండిన ఆపిల్. గట్టిగా, నారింజ రంగులో, లోపల సన్నటి నూగు కనిపించేవి అడవి గులాబీ కాయలు. పేరులోని పండు రెండు మూడు పలుకులు దొరికితే దొరికినట్టు. మిగతాదంతా పైన చల్లిన ఫ్లేవరే. పదార్థాల పట్టీలో బరువు ఎక్కువున్నది ముందు రాస్తారు. పేరులో ఉన్న పండు ఐదో స్థానంలో ఉంటే రుచిలోనూ అది ఐదో స్థానమే. మూడు రకాలు కొని వరసగా తాగితే మూడూ ఒకటే పులుపు, వాసన ఒక్కటే తేడా. ఫ్లేవర్ మూడో నెలకు ఎగిరిపోతుంది, పులుపు మిగులుతుంది.

ఇదే తికమక చామంతితోనూ. కామమైల్ అంటే సీమ చామంతి: పసుపు బొడ్డు, తెల్ల రేకులు, ఎండితే వేలి గోరంత. దండల్లో గుచ్చే చామంతి వేరే మొక్క. దాంతోనూ ఒక టీ ఉంది, చైనాలో ఎప్పటినుంచో తాగుతున్నారు. రెండిటికీ ప్యాకెట్ మీద చామంతి టీ అనే రాస్తున్నారు కాబట్టి శాస్త్రీయ నామం చూసుకోవాలి. మెట్రికేరియా అని ఉంటే సీమ చామంతి. వాసనలో ఆపిల్ తొక్క, ఎండు గడ్డి కలిసినట్టుంటుంది. మరిగే నీళ్లు, మూత, 5 నిమిషాలు. 10 దాటితే చేదు మొదలవుతుంది. పూలు పూలుగా ఉన్నదే కొనండి, బ్యాగుల్లో వచ్చే పొడిలో కాడలు ఎక్కువ. ఈ కుటుంబం పూల పుప్పొడి పడనివాళ్లకు దద్దుర్లు, తుమ్ములు రావచ్చు. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు దూరంగా ఉండడం మంచిది. నిద్ర పట్టిస్తుందా అంటే, పడుకునే ముందు కెఫీన్ లేని వేడి నీళ్లు తాగిన హాయి అయితే ఖాయం. అంతకు మించి నేను హామీ ఇవ్వను.

పుదీనా అని రాసి ఉన్నదాంట్లో పెప్పర్‌మింట్ ఉందా, మామూలు పుదీనా ఉందా చూడండి. పెప్పర్‌మింట్‌లో మెంథాల్ ఎక్కువ, గొంతు దాకా చల్లగా దిగుతుంది. మామూలు పుదీనాది కార్వోన్ వాసన, తియ్యగా ఉంటుంది గానీ ఆ చల్లదనం ఉండదు. తిన్నది అరగక తాగుతాం సరే, ఛాతీలో మంట ఉన్నవాళ్లకు మాత్రం ఇది ఎదురు తిరుగుతుంది. మెంథాల్ అన్నవాహిక కింది కండరాన్ని వదులు చేస్తుంది, ఆమ్లం పైకి తన్నుతుంది.

ఎర్ల్ గ్రే గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఎక్కువమంది మొదట కొనేదీ, తొందరగా పాడయ్యేదీ ఇదే. నల్ల తేయాకుకు బెర్గమాట్ అనే నిమ్మ జాతి పండు తొక్క నూనె పట్టిస్తారు. ఆ పండు ప్రధానంగా ఇటలీ దక్షిణ కొసన కలాబ్రియాలో పండుతుంది. పేరు 1830 నుంచి 1834 దాకా బ్రిటన్ ప్రధానిగా ఉన్న చార్లెస్ గ్రేది. నూనె ఆకు పైపూతగా ఉంటుంది గనక రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి, మూత సరిగా పట్టకపోతే ఎగిరిపోతుంది. రెండోది ఇంకా అధ్వానం: అందులోని లిమొనిన్ అనే పదార్థం గాలికి ఆక్సీకరణ చెంది రంగుల డబ్బా వాసన కొడుతుంది. నాలుగో నెలలో కప్పు ముందుకు వంగితే టర్పెంటైన్ గుర్తొస్తే ఆకును తప్పు పట్టకండి, నూనె ముసలిదైంది. అందుకే 50 గ్రాములకు మించి కొనవద్దు. 95 డిగ్రీల నీళ్లు, 3 నిమిషాలు. కప్పు మీద నూనె మరకలా తేలే పలచటి తెట్టు, చెంచా తగిలితే పగిలిన అద్దంలా ముక్కలయ్యేది, బెర్గమాట్ నూనె కాదు. అది నీళ్లలోని సున్నం, టీలోని పదార్థాలు కలిసి కట్టేది. నాలుగు చుక్కల నిమ్మరసం పడితే ఆ తెట్టు రాదు. సున్నం తక్కువున్న మెత్తటి నీళ్లు వాడితే అసలు సమస్యే లేదు.

మల్లె టీలో మోసం పట్టుకోవడం తేలిక. సరైన పద్ధతిలో మొగ్గల్ని పగలు కోసి, రాత్రి అవి విచ్చుకునే వేళకు గ్రీన్ టీ ఆకుతో కలిపి ఉంచుతారు. వాసన ఆకుకు ఎక్కాక పూలు ఏరేస్తారు. మంచి రకాలకు ఇలా కొత్త పూలతో ఐదారుసార్లు చేస్తారు. కాబట్టి ప్యాకెట్లో ఎండు మల్లెలు బోలెడు కనిపించాయంటే అది గొప్ప కాదు. వాసన ఇచ్చేసిన పూలవి, కప్పుకు చేదు తప్ప ఏమీ ఇవ్వవు. పరీక్ష ఇది: అదే ఆకు మీద రెండోసారి, మూడోసారి నీళ్లు పోయండి. పూలతో పట్టించిన వాసన మూడో కప్పులోనూ సన్నగా ఉంటుంది. ఫ్లేవర్ చల్లినదైతే రెండో కప్పుకే ఉడికిన ఆకు రుచి. నీళ్లు 80 డిగ్రీలు దాటకూడదు, 2 నిమిషాలు చాలు. థర్మామీటర్ లేకపోతే మూడు వంతుల మరిగిన నీళ్లలో ఒక వంతు మామూలు నీళ్లు కలపండి, దాదాపు 80కి వస్తుంది. గ్రీన్ టీ చేదు అని మానేసినవాళ్లలో చాలామంది మరిగే నీళ్లు పోసినవాళ్లే.

తులసి, అల్లం, నిమ్మగడ్డి ఒకే పెట్టెలో కలిపి వస్తుంటాయి, కానీ మూడింటికీ కావలసిన సమయం ఒకటి కాదు. తులసికి మూత పెట్టి 5 నుంచి 7 నిమిషాలు. మూత తీశాక లోపలివైపు తిప్పి చూడండి, పట్టిన నీటి బొట్లలో లవంగం వాసన వస్తుంది. రెండిట్లోనూ ఉండేది యూజినాల్ అనే వాసన పదార్థమే. ఆ బొట్లు కప్పులోకే వంచెయ్యాలి, కొన్న వాసనలో కొంత అక్కడే ఉంది. ఎండు అల్లం ముక్కలకు నానడం చాలదు, 10 నిమిషాలు మరగాలి. బ్యాగులోని అల్లం వేడి నీళ్లలో 3 నిమిషాలకు ఏం దిగుతుంది? పైగా అల్లం ఎండితే దాని ఘాటు పదార్థమైన జింజెరాల్ కొంత, ఇంకా ఘాటైన షొగాల్‌గా మారుతుంది. అందుకే శొంఠి ఘాటు గొంతును పట్టుకుంటుంది, పచ్చి అల్లంలోని నిమ్మ లాంటి తాజాదనం ఉండదు. పచ్చి అల్లం పాలల్లో వేస్తే విరగడానికి కారణం దానిలోని ఎంజైమ్. ముందు నీళ్లలో మరిగిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, ఆ తర్వాత పాలు పోసుకోవచ్చు.

తులసి గ్రీన్ టీ, నిమ్మగడ్డి గ్రీన్ టీ లాంటివి హెర్బల్ అరలో ఉన్నా వాటిలో కెఫీన్ ఉంటుంది. తేయాకు ఉన్న ప్రతిదాంట్లో ఉంటుంది. కప్పు నల్ల టీలో సుమారు 40 మి.గ్రా., గ్రీన్ టీలో 25 నుంచి 30. గర్భిణులకు రోజుకు 200 మి.గ్రా. దాటకూడదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ అంటుంది. రక్తహీనత ఉంటే భోజనానికి, తేయాకు టీకి మధ్య గంటైనా ఎడం పెట్టండి, టీకి వగరునిచ్చే టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.

రూయిబాస్ గురించి రాసేది తక్కువ, ఎందుకంటే దాన్ని పాడుచెయ్యడం కష్టం. దక్షిణాఫ్రికాలోని సెడర్‌బర్గ్ కొండల మొక్క, కెఫీన్ లేదు. 10 నిమిషాలు మరిచిపోయినా చేదెక్కదు, పాలు కూడా పడతాయి. సూదుల్లాంటి తునకలు మామూలు జాలీలోంచి జారిపోతాయి, సన్న జాలీ కావాలి. శంఖపుష్పం టీ కంటికి పండగే: నీలం నీళ్లలో నిమ్మచుక్క పడగానే ఊదా తిరుగుతుంది. నాలుకకు మాత్రం ఉడకబెట్టిన చిక్కుడు తొక్కల నీళ్లు. మళ్లీ కొనను.

బరువు తగ్గించే టీ అన్నవాటి పట్టీలో సెన్నా, అంటే సునాముఖి, ఉందేమో వెతకండి. అది విరేచనకారి. తగ్గిన బరువు నీళ్ల బరువు. వారాల తరబడి తాగితే కడుపు నొప్పులు, ఆపైన అది లేనిదే కదలని పేగులు. అతిమధురం ఉన్న టీలు చక్కెర లేకుండానే తియ్యగా, బాగుంటాయి. అయితే అందులోని గ్లైసిరైజిన్ రోజూ పడితే రక్తపోటు పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది.

చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టే పద్ధతి తేయాకుకు బాగా కుదురుతుంది: లీటరుకు 8 నుంచి 10 గ్రాములు, ఫ్రిజ్‌లో 6 నుంచి 8 గంటలు. మూలికలకు, పూలకు అలా చెయ్యకండి. ఎండబెట్టిన ఆకుల మీద సూక్ష్మజీవులు ఉంటాయి, మరిగే నీళ్లే వాటి పని పడతాయి. ముందు మరిగే నీళ్లు పోసి, వడకట్టి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

నిల్వకు వెలుతురు చొరబడని రేకు డబ్బా, బిగుతు మూత, పొయ్యికి దూరం. డబ్బా కింద విప్పిన తేదీ రాసిన చీటీ అంటించాలి. తేయాకు పక్కవాటి వాసన పీల్చేస్తుంది. మల్లె టీని పెప్పర్‌మింట్ పక్కన సంచుల్లో రెండు వారాలు ఉంచితే మల్లె చల్లగా తగలడం మొదలవుతుంది. పెప్పర్‌మింట్‌కు వేరే అర ఇవ్వండి, వేరే డబ్బా కూడా. ప్లాస్టిక్ డబ్బా అయితే సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన వదలదు, అందులో మళ్లీ పెప్పర్‌మింటే పోసుకోవాలి.