సారాయెవోలో రెండు బస్ స్టేషన్లు

సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌కు బస్సు కోసం పొద్దున్నే బోస్నియా రాజధాని సారాయెవో ప్రధాన బస్ స్టేషన్‌కు వెళ్లాను. కౌంటర్లో ఆవిడ నా టికెట్టు చూసి తల అడ్డంగా ఊపి "లుకావిత్సా" అంది. అది ఊరి అవతలి అంచున ఉన్న రెండో స్టేషను. 103 నంబరు ట్రాలీబస్సులో చివరి స్టాపు దొబ్రిన్యా దాకా వెళ్లి, అక్కడి నుంచి పెట్టె ఈడ్చుకుంటూ నడిచాను. దారిలో గేటు లేదు, పోలీసు లేడు. బోర్డుల మీద అక్షరాలు మాత్రం సెర్బులు వాడే సిరిలిక్ లిపిలోకి మారిపోయాయి. బోస్నియా యుద్ధాన్ని ముగించిన 1995 డేటన్ ఒప్పందం దేశాన్ని రెండు భాగాలు చేస్తూ గీసిన గీత దాటానన్నమాట. ఇటు బోస్నియాక్‌లు (బోస్నియా ముస్లింలు), క్రొయేట్ల ఫెడరేషన్. అటు సెర్బుల రిపబ్లికా స్ర్ప్‌స్కా. నా బస్సు అప్పటికే వెళ్లిపోయింది, మరో మూడు గంటలకు గానీ ఇంకొకటి లేదు. టికెట్టు కొనేముందు ఏ స్టేషనో అడగండి.

ఆ మూడు గంటలూ గత ఐదు రోజుల నోట్సు తిరగేశాను. యుగోస్లావియా విడిపోతుండగా 1992లో బోస్నియాలో యుద్ధం ఎందుకు వచ్చిందంటే ఇక్కడ ఎవరి జవాబు వారిది.

బస పాత బజారు బాష్‌చార్షియా పైనున్న గెస్ట్‌హౌస్‌లో. గది శుభ్రం, వేడినీళ్లకు లోటు లేదు. కానీ సందు ఎంత నిటారుగా ఉందంటే పెద్ద పెట్టెతో వచ్చేవారు కింద ట్రాము దారి పక్కన గది చూసుకోవడమే మేలు. చిన్న హోటళ్లు చాలావరకు నగదే అడుగుతాయి. ఇక్కడి కరెన్సీ మార్కు విలువ యూరోకు 1.95583 దగ్గర కట్టేసి ఉంది గనుక లెక్క తేలిక, మిగిలినవి మాత్రం దేశం దాటితే మార్చుకోవడం కష్టం. బజారు దగ్గరే మసీదు, కాథలిక్ కెథెడ్రల్, ఆర్థడాక్స్ చర్చి, పాత యూదుల ప్రార్థనాలయం ఉన్నాయి, ఒకదాని నుంచి ఇంకొకదానికి నడిచిపోవచ్చు. అల్పాహారం బల్ల దగ్గర ఒక తోటి యాత్రికుడు ఇవన్నీ తరతరాల పగలని తేల్చేశాడు. తరతరాల పగ సరిగ్గా 1992 దాకా ఎందుకు ఆగిందో మాత్రం చెప్పలేకపోయాడు.

ఎక్కువ సేపు గడపవలసింది సొరంగం మ్యూజియంలో. ఇలిద్జా వరకు ట్రాము, అక్కడి నుంచి టాక్సీ. బోస్నియా సెర్బు బలగాల ముట్టడిలో ఉన్న నగరానికి తిండి, మందులు, ఆయుధాలు చేర్చడానికి 1993లో విమానాశ్రయం రన్‌వే కింద దాదాపు 800 మీటర్లు తవ్వారు. ఇప్పుడు నడవనిచ్చేది పాతిక మీటర్లే. ఎత్తు అయిదడుగుల పైచిలుకు. నడుము వంచి నడుస్తుంటే వీపు పైకప్పు దూలానికి రాసుకుంది. ముట్టడి 1,425 రోజులు సాగింది. యుద్ధకాలంలో ఇక్కడే పిల్లవాడిగా ఉన్న మా గైడు మాటల్లో ఈ యుద్ధం బెల్‌గ్రేడ్ పథకం. యుగోస్లావ్ సైన్యం భారీ ఆయుధాలు బోస్నియా సెర్బుల చేతికి వచ్చాయి. 1991 సెప్టెంబరులో ఐరాస విధించిన ఆయుధ నిషేధం ఆ అసమానతను అలాగే బిగించేసింది. ఈ వాదన బలమైనదే. అయితే మోస్తార్ వెళ్లాక అందులో ఒక కన్నం కనిపించింది.

మోస్తార్‌కు బస్సు కన్నా రైలు నయం, నెరెత్వా లోయ వెంట దారి అద్భుతం. సర్వీసులు తక్కువ కాబట్టి వేళలు ముందే చూసుకోండి. పగలంతా గుంపులే, రాత్రి అక్కడే ఉంటే వంతెన మనదవుతుంది. ఇప్పుడున్నది తిరిగి కట్టినది; 1566 నాటి అసలు రాతి వంతెనను 1993 నవంబరు 9న కూల్చింది సెర్బులు కాదు, క్రొయేట్ బలగాలు. ఒక్క బెల్‌గ్రేడే కారణమైతే దీనికి సమాధానం ఉండదు. అక్కడ నేను దిగిన ఇంటి యజమాని మాత్రం యుగోస్లావియా అప్పుల గురించి చెప్పాడు: 1980లలో దాదాపు 2,000 కోట్ల డాలర్ల విదేశీ రుణం, 1989లో వెయ్యి శాతం దాటిన ద్రవ్యోల్బణం. జీతం తీసుకున్నాక రోజురోజుకీ దాని విలువ కరిగిపోయేదట. నాకిది నిప్పు కాదు గానీ ఎండుగడ్డి అనిపించింది. అంటించింది జాతి పేరుతో ఓట్లు అడిగిన నాయకులు.

1995లో బోస్నియా సెర్బు బలగాలు వేలమంది బోస్నియాక్‌లను చంపిన స్రెబ్రెనిత్సా దగ్గర, వారి స్మారకం ఉన్న పొటోచారీకి కూడా వెళ్లాను. రాతి మీద చెక్కిన మృతుల సంఖ్య 8,372. భోజనం, షాపింగ్ కలిపిన ప్యాకేజీలో మాత్రం వెళ్లకండి.

లుకావిత్సాలో కాఫీ దుకాణంలో నా బల్ల దగ్గర ఒక పెద్దాయన కూర్చున్నాడు, రిటైరైన ఉపాధ్యాయుడు. ఆయన లెక్కలో తప్పు యూరప్‌దే. సెర్బులు బహిష్కరించిన స్వాతంత్ర్య రెఫరెండం ఆధారంగా బోస్నియాకు తొందరపడి గుర్తింపు ఇచ్చారన్నాడు. కాగితం రుమాలు మీద "6.4.1992" అని రాసి నా వైపు తోశాడు. అది యూరోపియన్ సముదాయం బోస్నియాను గుర్తించిన తేదీ. తొందరపాటు ఉందేమో, కాదనను. నేను దాని పక్కన "9.1.1992" అని రాశాను. బోస్నియా సెర్బులు తమ రిపబ్లిక్కును ప్రకటించుకున్నది ఆ రోజే, రెఫరెండానికి ఏడు వారాల ముందు. ఆయన చాలాసేపు చూశాడు. రుమాలును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. బస్సు వచ్చి నేను లేస్తే, కాఫీ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనివ్వలేదు.