కోదాడ, నడిగూడెం, పరిటాల: పాత నిజాం సరిహద్దు వెంట రెండు రోజులు

మా నాయనమ్మ 1948లో రజాకార్ల భయానికి సూర్యాపేట పక్కన మా ఊరు వదిలి, రాత్రిపూట నడుచుకుంటూ జగ్గయ్యపేట చేరింది. అక్కడ కొట్లో హాలీ రూపాయి (నిజాం సొంత నాణెం) ఇస్తే, కల్దారు (బ్రిటిష్ రూపాయి) ఉంటే తెమ్మని కొట్టువాడు తిప్పి ఇచ్చేశాడట. ఆ రూపాయి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఆ దారి చూద్దామని మొన్న శనివారం నాన్నను తీసుకుని ఎల్బీ నగర్ నుంచి కారులో బయల్దేరాం.

సూర్యాపేట ముందు మూసీ వంతెన. ఆ ఏడాది సెప్టెంబరు 13న నిజాం రాజ్యం మీద పోలో చర్య (భారత సైనిక చర్య) మొదలయ్యాక విజయవాడ వైపు నుంచి భారత సైన్యం ఈ రోడ్డు మీదే వచ్చింది. వెనక్కి పోతూ నిజాం సైనికులు అప్పటి వంతెన పేల్చారు గానీ కాపలాకు ఎవరూ నిలబడలేదు, దాంతో భారత సైనికులు త్వరగానే బాగుచేసుకుని ముందుకొచ్చారు, 17కల్లా అంతా ముగిసింది. ఇక్కడ మాత్రం పిల్లలతో దిగకండి, లారీల జోరుకు టెన్షన్.

రాత్రికి కోదాడలో లాడ్జి, 1,400 రూపాయలు. దుప్పట్లు శుభ్రం. ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లన్నారు, పొద్దున ఒక్క బకెట్ ఇచ్చారు. గది వెనకవైపు అడగండి, ముందువైపు హారన్లకు నిద్ర పట్టదు.

నాకు బాగా నచ్చింది నడిగూడెం. ఇది ఉన్న మునగాల పరగణా చుట్టూ నిజాం నేలే, పరగణా మాత్రం బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లాది. అంటే అవతలి పొలంలోకి అడుగుపెడితే రాజ్యం మారేది! మునగాల జమీందారు రాజా నాయని వెంకట రంగారావు కోట గోడ దగ్గర నాన్న చాలాసేపు నిలబడ్డారు, పెచ్చులూడిన సున్నం కింద ఇటుకలు చేత్తో తడుముతూ. ఒక పూట ఇక్కడికే పెట్టుకోండి.

పరిటాలది దీనికి తిరగేసిన కథ. సర్కారు జిల్లాలు (కోస్తా జిల్లాలు) ఇంగ్లీషువాళ్లకు పోయినా వజ్రాల గనుల కోసం పరిటాల, దాని చుట్టుపక్కల కాసిని ఊళ్లూ నిజాం అట్టే పెట్టుకున్నాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా తాము నిజాం కిందే ఉండాల్సి రావడంతో జనం తిరగబడి తమది స్వతంత్ర రాజ్యమని ప్రకటించుకున్నారు. ఇప్పుడందరూ 135 అడుగుల ఆంజనేయుడికి దణ్ణం పెట్టుకుని వెళ్లిపోతున్నారు, ఈ కథ చెప్పే బోర్డు మాకెక్కడా కనబడలేదు, బాధేసింది. ఊళ్లోకి వెళ్లి పెద్దవాళ్లను అడగండి, కూర్చోబెట్టి చెబుతారు.

తిరుగు ప్రయాణం ఆదివారం మధ్యాహ్నం మూడులోపే పెట్టుకోండి, తర్వాత చౌటుప్పల్ టోల్ దగ్గర కదలదు. రజాకార్లు ఊచకోత కోసిన బైరాన్‌పల్లిలోని బురుజు చూడటం ఈసారి కుదరలేదు, దసరా సెలవుల్లో అటు పోతాం.